రియా మూనీ: ఆబీ నాటకశాలను నిలబెట్టిన నటి

(నాటకకళ విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఐర్లండు నాటకం అనగానే యేట్స్, సింగ్, షాన్ ఓకేసీ పేర్లు వెంటనే గుర్తుకొస్తాయి. మనలో చాలామందిమి ఆ నాటకాలను తరగతి గదిలో సాహిత్యంగా చదువుకున్నాం కనుక రచయితల పేర్లే మన నోట నానాయి. ఆ నాటకాలను ఆడించినవాళ్లు, ముఖ్యంగా ఏళ్ల తరబడి ఒక సంస్థ భారాన్ని మోస్తూ ప్రతి సాయంత్రం తెర లేచేలా చూసినవాళ్లు, మన దాకా రాలేదు. ఈరోజు అలాంటి ఒకరి గురించి మాట్లాడతాను. ఆమె పేరు రియా మూనీ. 1924లో నటిగా డబ్లిన్‌లోని ఆబీ థియేటర్‌లో అడుగుపెట్టారు. 1948 నుంచి 1963 దాకా అదే సంస్థకు దర్శకురాలిగా పనిచేశారు. ఆ పదవిలో నియమితురాలైన మొదటి మహిళ ఆమె.

ఆమె దర్శకురాలిగా ఉన్న ఆ పదిహేనేళ్లను ఆబీ చరిత్రలో నిస్తేజమైన కాలంగా చెప్పడం పరిపాటి అయింది. నాటకాలు మూసలో పడ్డాయని, పల్లెటూరి ఇంటి వంటగది చుట్టూ తిరిగే హాస్యాలే ఎక్కువయ్యాయని, కొత్త రచయితలు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లిపోయారని విమర్శకులు అంటారు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. ఆ తప్పును ఎవరి ఖాతాలో రాయాలన్న దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. నాటకాన్ని ఎంచుకునే అధికారం ఆమెకు లేదు. నటులను నియమించుకునే అధికారమూ లేదు. ఉన్న నటులతో, చేతికి ఇచ్చిన నాటకాన్ని, ఇచ్చిన గడువులోగా ప్రదర్శనకు సిద్ధం చేయడం ఆమె పని. అధికారం ఒకరి దగ్గర, బాధ్యత మరొకరి దగ్గర ఉన్న చోట ఒక కళాకారిణి తన నటనానుభవాన్నే పెట్టుబడిగా పెట్టి ఒక సంస్థను ఎలా కాపాడుకుంటూ వచ్చిందో చెప్పడమే నా ఉద్దేశం.

ముందుగా ఆ సంస్థ గురించి కొంత చెప్పాలి. యేట్స్, నాటకరచయిత్రి లేడీ గ్రెగరీ, సింగ్ కలిసి నడిపిన ఆబీ థియేటర్ 1904 డిసెంబరు 27న తెర లేపింది. ఆనీ హార్నిమన్ అనే ఇంగ్లీషు మహిళ ఇచ్చిన డబ్బుతో ఒక పాత సభాభవనాన్ని, దాని పక్కనే ఉన్న శవాగారాన్ని కలిపి నాటకశాలగా మార్చారు. ఐదువందల పైచిలుకు మంది పట్టే చిన్న ప్రేక్షకాగారం అది. తొలి నటబృందాన్ని నడిపిన ఫే సోదరులు అక్కడి నటులకు నేర్పిన పద్ధతి కూడా ఆ కొలతకు తగినదే. మాట్లాడే పాత్ర తప్ప మిగిలినవాళ్లు అనవసరంగా కదలకూడదు, గొంతు పెంచకుండా మాట వినిపించాలి, ప్రేక్షకుడి చూపు మాట మీదే నిలవాలి. దేశం స్వతంత్రమైన తరవాత 1925లో ప్రభుత్వం ఈ సంస్థకు ఏటా 850 పౌండ్ల సాయం మంజూరు చేసింది. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో ప్రభుత్వ సాయం అందుకున్న తొలి నాటకశాలగా ఆబీకి ఆ విధంగా పేరొచ్చింది. ఆ సాయం ఇచ్చిన ఆర్థిక మంత్రి పేరు ఎర్నెస్ట్ బ్లైత్. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒక్క మాట పక్కకు వెళ్లి చెబుతాను. ఆబీ పుట్టుకకు దారితీసిన తొలి బృందంలో నటించి, దానికి నాటకాలు కూడా రాసినవారిలో జేమ్స్ కజిన్స్ ఒకరు. ఆయన 1915లో ఆనీ బిసెంట్ పిలుపు మీద భారతదేశానికి వచ్చి మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో పనిచేశారు. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ కళాశాలలో బస చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించుకున్నప్పుడు, ఆ గీతానికి స్వరం కూర్చడంలో పాలుపంచుకున్నది కజిన్స్ భార్య మార్గరెట్. అంతకు ముందే, 1913లో, ఠాగూర్ నాటకం ‘పోస్టాఫీసు’ను ఆబీ ప్రదర్శించింది. కనుక మనం మాట్లాడుకుంటున్న ఆ చిన్న నాటకశాల మనకు పూర్తిగా పరాయిది కాదు.

రియా మూనీ 1903లో డబ్లిన్‌లో పుట్టారు. నగరంలోని రాత్‌మైన్స్ అండ్ రాత్‌గర్ సంగీత సమాజం ప్రదర్శనల్లో పాడుతూ, ఆడుతూ పెరిగారు. చిత్రకళ కూడా కొంతకాలం చదువుకున్నారు. ఆబీలో చేరిన మొదట్లో అందరిలాగే చిన్నాచితకా వేషాలు వేశారు. ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది 1926 ఫిబ్రవరిలో వేసిన ఒక వేషం. దాని దగ్గర కొంతసేపు ఆగాలి. ఎందుకంటే దర్శకురాలిగా ఆమె తరవాత చేసినదానికంతటికీ పునాది అక్కడే పడిందని నేను అనుకుంటున్నాను.

ఓకేసీ రాసిన ‘ది ప్లౌ అండ్ ది స్టార్స్’ బ్రిటిష్ పాలన మీద 1916లో జరిగిన ఈస్టర్ తిరుగుబాటు నేపథ్యంలో డబ్లిన్ పేదల ఇరుకిళ్ల మధ్య నడిచే నాటకం. రెండో అంకం ఒక సారాయి దుకాణంలో జరుగుతుంది. దుకాణం బయట బహిరంగ సభలో ఒక వక్త రక్తతర్పణాన్ని కీర్తిస్తూ మాట్లాడుతుంటాడు. ఆ మాటలను రచయిత తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్ ఉపన్యాసాల నుంచి తీసుకున్నాడు. దుకాణం లోపల రోజీ రెడ్‌మండ్ అనే వేశ్య, మగవాళ్లందరూ దేశభక్తిలో మునిగిపోవడం వల్ల ఆ పూట తనకు బేరం లేదని వాపోతుంటుంది. కాసేపటికి జాతీయ పతాకం, కార్మిక సేన పతాకం పట్టుకుని కార్యకర్తలు అదే దుకాణంలోకి తాగడానికి వస్తారు. తిరుగుబాటులో తుపాకీ కాల్పులు, ఆ వెంటనే నాయకులకు మరణశిక్షలు జరిగి అప్పటికి పదేళ్లే అయింది. చనిపోయినవారి తల్లులు, భార్యలు అదే ఊళ్లో బతికి ఉన్నారు. అలాంటి సమయంలో అలాంటి అంకాన్ని రంగస్థలం మీదికి తేవడానికి రచయితకు ఎంత గుండెధైర్యం కావాలో, ఆ వేశ్య పాత్ర వేసే అమ్మాయికి అంతకన్నా ఎక్కువ కావాలి. రచయిత తెర వెనుక ఉంటాడు. ప్రేక్షకుల కళ్లెదుట నిలబడేది నటి.

నాటకం ప్రదర్శనకు రాకముందే గొడవ మొదలైంది. ఆబీ డైరెక్టర్ల మండలిలో ప్రభుత్వం తరఫున కూర్చున్న జార్జ్ ఓబ్రయన్ ఆ పాత్ర మీద అభ్యంతరం చెప్పారు. యేట్స్, లేడీ గ్రెగరీ పాత్రను తొలగించడానికి ఒప్పుకోలేదు గానీ, రెండో అంకం చివర రోజీ పాడే పాటను మాత్రం తీసేశారు. నటబృందంలో కూడా పొరపొచ్చాలు వచ్చాయి. ఐలీన్ క్రో తనకిచ్చిన మిసెస్ గోగన్ పాత్రలోని ఒక వాక్యం పలకనని పట్టుబట్టడంతో ఆ పాత్ర మే క్రెయిగ్‌కు వెళ్లింది. ఎఫ్. జె. మెకార్మిక్ కూడా తన సంభాషణలో ఒక మాట పలకనన్నారు. తోటి నటీమణులు కొందరు రియాను పక్కకు పిలిచి, పరువుగల ఆడపిల్ల అలాంటి వేషం వేయకూడదని, వదిలేయమని నచ్చజెప్పారు. ఆమెకు అప్పుడు ఇరవైరెండేళ్లు. సంస్థలో చేరి రెండేళ్లు కూడా నిండలేదు. ఆమె వదలలేదు.

ఫిబ్రవరి 8న మొదటి ప్రదర్శన. నాలుగో రోజు, అంటే 11వ తేదీ గురువారం, నిరసన బద్దలైంది. 1916లో భర్తను పోగొట్టుకున్న హానా షీహీ స్కెఫింగ్టన్, ఆ తిరుగుబాటుతో రక్తసంబంధం ఉన్న ఇంకా ఎందరో స్త్రీలు ప్రేక్షకుల్లో ఉన్నారు. అరుపులు, కేకలు మొదలయ్యాయి, కొందరు రంగస్థలం మీదికి ఎక్కారు, అక్కడ తోపులాట జరిగింది. నటుడు బారీ ఫిట్జెరాల్డ్ పైకి ఎక్కినవాడిని కొట్టి కిందికి పంపారు. నటులను నాటకంతో కలిపి చూడవద్దని మెకార్మిక్ ప్రేక్షకులను కోరారు. యేట్స్ వేదిక మీదికి వచ్చి, మీరు మళ్లీ మీ పరువు తీసుకున్నారని ప్రేక్షకులను మందలించారు. సాహిత్య చరిత్రలో ఈ రాత్రిని యేట్స్ ప్రసంగం ఉన్న రాత్రిగానే గుర్తుపెట్టుకున్నారు. ఆ నిరసన చేసిన స్త్రీలను మూర్ఖులుగా చూపడం న్యాయం కాదని కూడా చెప్పాలి. వాళ్ల దుఃఖం నిజమైనది. అయినా ఆ గోలలో తన పాత్రను వీడకుండా నిలబడిన యువతి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడినవాడు ఓకేసీ ఒక్కడే. నా నాటకాన్ని కాపాడావని ఆయన ఆమెకు కృతజ్ఞత చెప్పుకున్నాడు.

ఆ పాత్ర నిడివి ఎంతో గమనించండి. రోజీ రెండో అంకంలో తప్ప మరెక్కడా కనిపించదు. అయినా ఆమె లేకపోతే బయట వక్త మాట్లాడే మాటలకు బదులు చెప్పేవాళ్లు ఉండరు. దేశం కోసం చావమని పిలుస్తున్న గొంతు ఒక వైపు, ఈ వారం గది అద్దె ఎలా కట్టాలన్న గొంతు మరో వైపు. రెండో గొంతును నటి సిగ్గుపడుతూ పలికినా, వెటకారంగా పలికినా అంకం కూలిపోతుంది. చిన్న పాత్ర మీద నాటకం బరువంతా ఆధారపడి ఉండవచ్చునన్న సంగతి పుస్తకం చదివి తెలుసుకోవడం వేరు, గొడవ మధ్య నిలబడి తెలుసుకోవడం వేరు. తరవాతి కాలంలో పాఠశాలలు నడిపి, కొత్తవాళ్లకు వేషాలు ఇచ్చి, తెలియని నటులను తీర్చిదిద్దిన మనిషికి ఇంతకన్నా మంచి శిక్షణ మరొకటి ఉంటుందని నేను అనుకోను.

ఆ తరవాత ఆమె అమెరికా వెళ్లారు. న్యూయార్క్‌లో ఈవా ల గాలియెన్ అనే నటి 1926లో సివిక్ రెపర్టరీ థియేటర్ అనే సంస్థను నెలకొల్పారు. బ్రాడ్‌వే వెలుగులకు దూరంగా, పద్నాలుగో వీధిలోని ఒక పాత నాటకశాలలో, అరడాలరు నుంచి డాలరున్నర లోపు టికెట్లతో, చెహోవ్, ఇబ్సెన్ నాటకాలను వారంలో మార్చి మార్చి ఆడేవారు. ల గాలియెన్ తానే ప్రధాన పాత్రలు వేస్తూ, తానే దర్శకత్వం వహిస్తూ, తానే సంస్థను నడిపారు. రియా అక్కడ నటిగా చేరి సహాయ దర్శకురాలి స్థాయికి ఎదిగారు. ఒక స్త్రీ నాటకసంస్థను నడపడం ఎలా ఉంటుందో ఆమె రోజూ దగ్గర నుంచి చూశారు. నాటకాన్ని ఎంచుకోవడం మొదలుకొని దీపాల అమరిక దాకా ఒకే మనిషి ఆలోచన కింద సాగితే ప్రదర్శనకు ఎంత నిలకడ వస్తుందో చూశారు. ఆర్థిక మాంద్యం దెబ్బకు ఆ సంస్థ 1930ల తొలినాళ్లలోనే మూతపడింది. అక్కడ చూసిన ఆ స్వేచ్ఛ ఆమెకు డబ్లిన్‌లో మాత్రం ఎన్నడూ దక్కలేదు.

స్వదేశం తిరిగి వచ్చాక కొంతకాలం ఆబీలోనూ, కొంతకాలం డబ్లిన్‌లోనే ఉన్న మరో నాటకశాల గేట్ థియేటర్‌లోనూ పనిచేశారు. ‘వదరింగ్ హైట్స్’ నవలను డొనాల్డ్ స్టాఫర్‌తో కలిసి గేట్ కోసం నాటకీకరించారు. 1937లో ఆబీకి అనుబంధంగా ఉన్న పీకాక్ అనే చిన్న నాటకశాలలో ప్రయోగాత్మక నాటక విభాగం మొదలైనప్పుడు దాన్ని నడిపించే బాధ్యత ఆమె తీసుకున్నారు. పీకాక్ నూటరెండు కుర్చీల గది. పెద్ద వేదిక మీద పెట్టడానికి యాజమాన్యం జంకే నాటకాలు అక్కడ ఆడవచ్చు, ఆబీ నటనా పాఠశాలలో చదువుకుంటున్న పిల్లలు అక్కడ వేషాలు వేయవచ్చు. కవి యేట్స్ తమ్ముడు, చిత్రకారుడు జాక్ యేట్స్ రాసిన ‘హార్లెక్విన్స్ పొజిషన్స్’ అనే విచిత్రమైన నాటకాన్ని 1939లో ఆమె అక్కడే ఆడించారు. జాక్ యేట్స్ నాటకాల్లో కథ కన్నా వాతావరణం ఎక్కువ. అలాంటి రచనను చేపట్టిన దర్శకురాలిని పాతచింతకాయ పచ్చడి నాటకాల మనిషిగా ముద్ర వేయడం ఎంత తొందరపాటో ఆలోచించండి.

1944లో ఆమె గేయిటీ థియేటర్‌లో నటనా పాఠశాల ప్రారంభించి నాలుగేళ్లు నడిపారు. ఈనాడు డబ్లిన్‌లో అదే పేరుతో ఉన్న పాఠశాల 1980లలో వచ్చినది, అది వేరు. తరవాతి కాలంలో గొప్ప నటిగా పేరు పొందిన అన్నా మానహన్ ఆమె దగ్గరే చదువుకున్నారు. 1946లో ఓకేసీ నాటకం ‘రెడ్ రోజెస్ ఫర్ మి’ని లండన్‌లో ఆమె దర్శకత్వంలో ఆడారు. ఆ నాటకాన్ని మూడేళ్ల క్రితం డబ్లిన్‌లో మొదటిసారి ప్రదర్శించింది షీలా రిచర్డ్స్. ‘ప్లౌ’ నాటకం తొలి ప్రదర్శనలో నాయిక నోరా పాత్ర వేసిన నటి ఆమే. 1926లో ఒకే వేదిక మీద నిలబడిన ఇద్దరు యువతులు ఇరవై ఏళ్లు గడిచేసరికి అదే రచయిత కొత్త నాటకానికి రెండు నగరాల్లో దర్శకులయ్యారన్న సంగతి ఐర్లండు నాటకచరిత్రలో మరింత ప్రముఖంగా చెప్పుకోవాల్సినది.

ఇప్పుడు 1947కు వద్దాం. అప్పటికి యేట్స్, లేడీ గ్రెగరీ ఇద్దరూ లేరు. నేను గుర్తుంచుకోమన్న ఎర్నెస్ట్ బ్లైత్ 1941 నుంచి ఆబీకి మేనేజింగ్ డైరెక్టర్. సంస్థ అప్పుల్లో పడకుండా నడవాలి, దేశభాష అయిన ఐరిష్‌కు సేవ చేయాలి. ఆయనకు ఈ రెండు పట్టుదలలు ఉన్నాయి. సంస్థలోకి కొత్తగా తీసుకునే నటులకు ఐరిష్ వచ్చి తీరాలన్నారు. 1945 నుంచి క్రిస్మస్ సమయంలో ఐరిష్ భాషలో సంగీత వినోద ప్రదర్శనలు పెట్టించారు. భాష మీద ఆయనకున్న ప్రేమను నేను తక్కువ చేయను. సొంత భాష చేజారిపోయిన జాతి నాయకుడికి ఆ ఆరాటం సహజం. భాష వచ్చినంత మాత్రాన నటన వస్తుందనుకోవడంలోనే ఆయన పొరబడ్డారు. ఆ పొరపాటు మూల్యాన్ని రోజూ రిహార్సల్ గదిలో చెల్లించవలసి వచ్చింది దర్శకులు.

1947 నవంబరులో ‘ప్లౌ’ నాటకమే ఆడుతుండగా వాలంటైన్ ఐరిమాంగర్ అనే యువకవి విరామ సమయంలో లేచి నిలబడి, యేట్స్ కట్టిన సంస్థను ఈ యాజమాన్యం అసమర్థతతో పాడుచేస్తోందని ప్రకటించి, అధ్యాపకుడు రోజర్ మెక్‌హ్యూతో కలిసి బయటికి నడిచారు. 1926 నిరసన నాటకం ఏం చెబుతోందన్నదాని మీద, 1947 నిరసన నాటకాన్ని ఎలా ఆడుతున్నారన్నదాని మీద. అంతకు ముందు దర్శకుడిగా ఉన్న ఫ్రాంక్ డెర్మొడీ అదే ఏడాది సినిమాల వైపు వెళ్లిపోయారు. పత్రికల్లో దుమారం రేగింది. ఆ దుమారం చల్లారకముందే, 1948 జనవరిలో, రియా మూనీని పిలిచి దర్శకత్వ బాధ్యత అప్పగించారు. సంస్థ పరువు పోయిన ఘడియలో, పాత సమస్యలన్నీ అలాగే ఉండగా, ఒక స్త్రీకి ఆ పదవి మొదటిసారి దక్కిందన్న సంగతిని నేను యాదృచ్ఛికంగా తీసుకోలేను.

ఆ ఏడాదే ఎం. జె. మొలోయ్ రాసిన ‘ది కింగ్ ఆఫ్ ఫ్రైడేస్ మెన్’ను ఆమె ప్రదర్శించారు. పశ్చిమ ఐర్లండు పల్లెల నుడికారంతో నిండిన నాటకం అది. ఆమె మనసు ఎప్పుడూ కవిత్వం పలికే నాటకం వైపే ఉండేది. ఆబీ అసలు పుట్టిందే కవితానాటకం కోసమన్న యేట్స్ మాటను ఆమె అక్షరాలా నమ్మారు. యాజమాన్యం ఎంపికలో అలాంటి నాటకాలకు చోటు తక్కువ. హాలు నిండే గ్రామీణ హాస్యాలు ఎక్కువ. ఏది వచ్చినా సరే, సంభాషణలోని లయ చెడకుండా, పాత్రల మధ్య విని బదులు పలికే గుణం పోకుండా చూడటం ఆమె చేయగలిగిన పని. వేదిక మీద మాట్లాడే నటుడి కన్నా వినే నటుడు కష్టమైన పని చేస్తాడు. నటిగా ఎదిగిన దర్శకులకు ఆ కష్టం తెలుసు కనుక శిక్షణ లేని కొత్త నటుల చేత కూడా దాన్ని చేయించగలరు.

1951 జులై 18 తెల్లవారుజామున ఆబీ కాలిపోయింది. ముందు రాత్రి ఆడిన నాటకం మళ్లీ ‘ప్లౌ అండ్ ది స్టార్స్’. ఆ నాటకం చివరి అంకంలో నగరం తగలబడుతుంటుంది. రంగాలంకరణ, దుస్తులు, సామగ్రి చాలావరకు పోయాయి. అయినా ఆ సాయంత్రం ప్రదర్శన ఆపలేదు. దెబ్బతినకుండా మిగిలిన పీకాక్‌లో, దొరికిన సామానుతో అదే నాటకం ఆడారు. తరవాత కొద్దివారాలు గిన్నిస్ కర్మాగారం వారి హాలులో తలదాచుకున్నారు. సెప్టెంబరులో క్వీన్స్ థియేటర్‌కు మారి, ఓకేసీ ‘సిల్వర్ టాసీ’తో అక్కడ తెర లేపారు. 1928లో యేట్స్ తిరస్కరించిన నాటకం అది. యుద్ధభూమి దృశ్యాలు, బృందగానం, పెద్ద తారాగణం ఉన్న అలాంటి నాటకంతో అద్దె ఇంట్లో కాపురం మొదలుపెట్టడం చూస్తే ఆ బృందంలో ప్రాణం ఇంకా ఉందని తెలుస్తుంది.

క్వీన్స్ థియేటర్ కాపురం కొన్నాళ్లే అనుకున్నారు. అది పదిహేనేళ్లు సాగింది. ఈ పదిహేనేళ్ల లెక్కను అర్థం చేసుకుంటే తప్ప ఆమె పనికి విలువ కట్టలేం. క్వీన్స్ ఒకప్పుడు భారీ మెలోడ్రామాలకు, పాటల వినోదాలకు పేరుపొందిన నాటకశాల. పాత ఆబీ కన్నా చాలా పెద్దది. అద్దె కట్టాలి, ఎక్కువ కుర్చీలు నింపాలి. పాత ఆబీలో ఒక నాటకం వారమో రెండు వారాలో ఆడి మారిపోయేది కనుక నటులకు ఏడాదిలో ఎన్నో రకాల పాత్రలు పడేవి. క్వీన్స్‌లో జనం వచ్చినంత కాలం ఒకే నాటకాన్ని ఆడించక తప్పలేదు. వాల్టర్ మాకెన్ ‘హోమ్ ఈజ్ ది హీరో’, లూయీ డాల్టన్ ‘దిస్ అదర్ ఈడెన్’ వంటివి అలా వారాల తరబడి నడిచాయి. ఆ నాటకాలు చెడ్డవని కాదు. కానీ ఏడాదికి ఆడే నాటకాల సంఖ్య తగ్గితే యువనటుల సాధన తగ్గుతుంది, పాత ఉత్తమ నాటకాల పునఃప్రదర్శన తగ్గుతుంది, కొత్త రచయితకు దొరికే వారాలు తగ్గుతాయి. అంతేకాక, చిన్న గదిలో గొంతు పెంచకుండా పలకడం నేర్చిన బృందం పెద్ద హాలులో చివరి వరసకు వినిపించేలా పలకాలి. అంటే ఫే సోదరుల కాలం నుంచి వచ్చిన సంప్రదాయాన్ని వదలకుండానే మార్చాలి. అది ఏ దర్శకుడికైనా కఠినమైన పరీక్షే.

ఇక తిరస్కరించిన నాటకాల సంగతి. బ్రెండన్ బీహన్ ‘క్వేర్ ఫెలో’ను ఆబీ మొదట కాదంటే 1954లో పైక్ అనే బుల్లి నాటకశాల ఆడి పేరు తెచ్చుకుంది. ఆ తరవాత 1956లో గానీ ఆబీ దాన్ని తీసుకోలేదు. జాన్ బి. కీన్ ‘సైవ్’ 1959లో ఆబీ గడప దాటలేకపోయి, ఔత్సాహిక బృందం చేతుల్లో దేశమంతా మారుమోగింది. టామ్ మర్ఫీ ‘ఎ విజిల్ ఇన్ ది డార్క్’ కూడా అలాగే తిరిగి వెళ్లి 1961లో లండన్‌లో వెలుగు చూసింది. ఇవి సంస్థ చరిత్రలో పెద్ద మచ్చలు. ఈ నిర్ణయాలు బ్లైత్ ఆధ్వర్యంలో జరిగినవి. ఆ కాలం గురించి రాసేటప్పుడు మంచి ప్రదర్శనలకు నటులను, లోటు లేని బడ్జెట్‌కు బ్లైత్‌ను మెచ్చుకుని, మిగిలిన చప్పదనాన్ని దర్శకురాలి ఖాతాలో వేయడం చాలాసార్లు చూశాను. ఆ లెక్క సరికాదు.

ఈ మధ్యలో ఒక వెలుగు ఉంది. 1959లో యూజీన్ ఓనీల్ ‘లాంగ్ డేస్ జర్నీ ఇంటు నైట్’ ఆబీలో ఆడినప్పుడు మేరీ టైరోన్ పాత్ర రియా మూనీ వేశారు. భర్త జేమ్స్ టైరోన్‌గా ఫిలిప్ ఓఫ్లిన్ నటించారు. ఐరిష్ మూలాలున్న అమెరికా కుటుంబంలో మార్ఫిన్‌కు బానిసైన తల్లి పాత్ర అది. ఇంట్లో అందరూ ఆమెనే గమనిస్తుంటారు. ఆమె మాత్రం తన చిన్ననాటి కాన్వెంటు రోజుల్లోకి కొంచెం కొంచెంగా జారిపోతుంటుంది. నాలుగు గంటల నాటకంలో ఆ జారుడును అంచెలంచెలుగా చూపించాలి. పదేళ్లకు పైగా ఇతరుల చేత నటింపజేసిన మనిషి యాభైఆరో ఏట అలాంటి పాత్రకు తిరిగి వచ్చి బృందం మధ్యలో నిలబడటం చిన్న విషయం కాదు. దర్శకత్వం చేపట్టిన నటులు తమ నటనను పదును పోగొట్టుకుంటారన్న అపోహకు ఈ ప్రదర్శన మంచి సమాధానం.

1963లో ఆమె పదవి నుంచి తప్పుకున్నారు. ఆరోగ్యమూ, ఓపికా రెండూ అరిగిపోయాయి. కొత్త ఆబీ భవనం 1966 జులై 18న, పాతది కాలిన పదిహేనేళ్లకు సరిగ్గా అదే తేదీన, తెరుచుకుంది. ఆ భవనం కోసం ఎదురుచూస్తూ బృందాన్ని చెదరకుండా ఉంచిన దర్శకురాలు అప్పటికి ఆ పదవిలో లేరు. 1973లో ఆమె మరణించారు. జ్ఞాపకాలు రాసిపెట్టుకున్నారు గానీ అవి అచ్చయింది 1978లో. రచయిత్రి వాల్ మల్కర్న్స్ వాటిని పరిష్కరించారు. ఆ జ్ఞాపకాల పేరును యేట్స్ చివరి కవితల్లోని ఒక పాదం నుంచి తీసుకున్నారు. నటులు, రంగులద్దిన వేదిక నా ప్రేమనంతా తీసుకున్నాయని అర్థం వచ్చే పాదం అది. క్వీన్స్ సంవత్సరాల గురించి రాసిన చోట ఆమె అసంతృప్తి దాచుకోలేదు.

ఆమె తోటివాళ్లలో కొందరు మరో దారి ఎంచుకున్నారు. షీలా రిచర్డ్స్ 1940లలో సొంత బృందంతో ఒలింపియా థియేటర్‌లో నాటకాలు ఆడారు. చిన్నవయసులోనే ఆబీలో నటించిన ఫిలిస్ రయన్ తరవాత జెమినీ అనే సొంత సంస్థను నెలకొల్పి, 1965లో కీన్ ‘ది ఫీల్డ్’ నాటకాన్ని తొలిసారి ప్రదర్శించారు. ఆబీ కాదన్న రచయితకు ఒక నటి పెట్టిన సంస్థ వేదిక అయింది. సొంత సంస్థలో నష్టం వస్తే తానే భరించాలి, కానీ ఏ నాటకం ఆడాలో తానే నిర్ణయించుకోవచ్చు. రియా మూనీ జాతీయ సంస్థ లోపలే ఉండిపోవడానికి నిశ్చయించుకున్నారు. ఏది మెరుగైన దారి అని నన్ను అడిగితే నేను ఫిలిస్ రయన్ దారినే మెచ్చుకుంటాను. అయితే లోపల ఉండిపోయినవాళ్లు లేకపోతే 1966లో కొత్త భవనంలోకి నడిచి వెళ్లడానికి ఒక బృందమంటూ మిగిలి ఉండేది కాదు.

1971లో లీలియా డూలన్ ఆబీకి కళాదర్శకురాలయ్యారు. 1991లో గాల్వే నగరపు డ్రూయిడ్ సంస్థ స్థాపకుల్లో ఒకరైన గ్యారీ హైన్స్ ఆ పదవికి వచ్చారు. ఇద్దరూ రెండుమూడేళ్లకు మించి ఉండలేదు. 2015లో ఆబీ తన రాబోయే సంవత్సరానికి ప్రకటించిన పది నాటకాల్లో ఒక్కటే స్త్రీ రాసినది, మూడింటికే స్త్రీలు దర్శకులు. దాని మీద డబ్లిన్‌లో నటీమణులు, రచయిత్రులు, సాంకేతిక నిపుణులు కలిసి పెద్ద ఉద్యమం లేవదీశారు. ఆబీ సభాభవనాన్నే నింపి తమ మాట చెప్పారు. సంస్థ తన విధానాలను మార్చుకోవలసి వచ్చింది. ఆ ఉద్యమం తరవాతే మరిచిపోయిన స్త్రీల పనిని పాత దస్తావేజుల నుంచి వెలికితీసే ప్రయత్నం ఊపందుకుంది, రియా మూనీ పేరు మళ్లీ వినబడుతోంది. 2021లో కట్రియోనా మెక్లాఖ్లిన్ ఆబీ కళాదర్శకురాలయ్యారు. పాలన వ్యవహారాలకు వేరుగా ఒక కార్యనిర్వాహక డైరెక్టరు ఉంటారు. ఏ నాటకం ఆడాలి, ఎవరు ఆడాలి అన్న నిర్ణయం కళాదర్శకురాలి చేతిలో ఉంది.

నమస్కారం.